ట్రే బయటికి తెచ్చే మనిషి

మా వైపు ఆపరేషన్ అంటే సగం లోపల జరుగుతుంది, సగం గుమ్మంలో జరుగుతుంది. లోపల జరిగేది ఎవరికీ కనపడదు. గుమ్మంలో జరిగేదే జనానికి ఆపరేషన్. థియేటరు తలుపు తెరుచుకోవాలి, స్టీలు ట్రేలో కోసి తీసినదాన్ని పెట్టుకుని ఎవరో ఒకరు బయటికి రావాలి. బెంచీల మీద కూర్చున్న చుట్టాలంతా లేచి మెడలు చాచి "ఇదా, ఇంతుందా" అని నోళ్ళు వెళ్ళబెట్టాలి. ఆ పైన ట్రే పట్టుకున్న మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలి. అప్పటికిగాని వాళ్ళ మనసు కుదుటపడదు. ట్రే తెచ్చిన మనిషే కోసిన డాక్టరని వాళ్ళ నమ్మకం.

నాగులవరం ఏరియా ఆసుపత్రిలో ఆరేళ్ళపాటు ఆ ట్రే తెచ్చింది డాక్టర్ పానకాలరావు. ఆయన మత్తు డాక్టరు. ఆరడుగుల మనిషి, ఒత్తు మీసం, గుళ్ళో గంట లాంటి గొంతు. వెన్నులో సూది గుచ్చి నడుం కింద మొద్దుబారేలా చేయడం ఆయన పని. కత్తి పట్టడం ఆయన పని కాదు. కత్తి పట్టేది డాక్టర్ ఖైరున్నీసా. అయిదడుగులకి కాస్త తక్కువ. ఆపరేషన్ బల్ల మగవాళ్ళ ఎత్తుకి చేసింది కాబట్టి కాళ్ళ కింద చెక్కపీట వేసుకునేది. ట్రే బయటికి వెళ్ళే సమయానికి ఆమె ఆ పీట మీదే నిలబడి, పొట్ట పొరలు ఒక్కొక్కటే కుడుతూ ఉండేది.

ఇందులో కుట్ర ఏమీ లేదు, ఎవర్నీ తిట్టుకోనక్కర్లేదు. మొదట్లో ట్రే తీసుకెళ్ళింది థియేటర్లో పనిచేసే బాపయ్య. "ఏందీ, బంట్రోతు చేత పంపిస్తారా?" అని జనం అలిగారు. పోనీ కుట్లు పూర్తయ్యేదాకా ఆగండర్రా అంటే, అరగంట కాగానే తలుపులు బాదారు. అందుకని పేషెంటు నిలకడగా ఉంటే పానకాలరావు లేచి రెండు నిమిషాలు వెళ్ళి చూపించి వచ్చేవాడు. పుస్తకం ప్రకారం ఆయన పేషెంటు తల దగ్గర నుంచి కదలకూడదు. మా ఆసుపత్రుల్లో పుస్తకం తెరిచే తీరిక ఎవరికుంది? మొదటి నెలలో ఆయన నిజమే చెప్పాడు పాపం. "కోసింది నేను కాదండీ, లోపల మేడం గారు" అన్నాడు. "చూశారా, ఎంత చేసీ గొప్ప చెప్పుకోడు" అని జనం ఇంకో దండం పెట్టారు. తరవాత ఆయన చెప్పడం మానేశాడు. ఆమె చెప్పమనడమూ మానేసింది.

ఖైరున్నీసా కుట్లు ముగించి, తొడుగులు తీసేసి, పక్క తలుపులోంచి బయటికి వచ్చేది. బెంచీ మీది వాళ్ళు అడిగేవాళ్ళు. "సిస్టరమ్మా, మావాడు కళ్ళు తెరిచాడా?"

"తెరిచాడు" అనేది. సిస్టరు కాదని దిద్దడానికి ఓపిక ఉండేది కాదు. అప్పటికి ఇంకా రెండు హెర్నియాలు ఆమె కోసం వార్డులో కాచుకుని ఉండేవి.

ఆమె తండ్రి బుడే సాహెబు పరుపులు కుట్టేవాడు. చిలకలూరిపేట పక్క పల్లె. పత్తి పండే దేశంలో దూదేకులవాళ్ళకి పనికి కొదవలేదు, ఆ పనికి మర్యాద మాత్రం ఎప్పుడూ లేదు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ఎవరింటి అరుగు మీదో దూది ఏకి, అక్కడే పరుపు కుట్టి ఇచ్చేవాడు. సెలవుల్లో వెంట వెళ్ళిన ఖైరున్నీసా ఎనిమిదేళ్ళకే దబ్బనంలో దారం ఎక్కించి, పరుపు అవతలి వైపు నుంచి సూది అందించేది. "బిగించి లాగమాకమ్మా, దూది చచ్చిపోద్ది. వదులుగా వదలమాక, జారిపోద్ది" అని తండ్రి చెప్పేవాడు. ఇరవై ఏళ్ళ తరవాత పేగు కుట్టడం నేర్పిన ప్రొఫెసరు అదే మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఆమెకి నవ్వొచ్చింది గాని ఆపుకుంది. ఆయన నవ్వే మనిషి కాదు.

ఆయన ఆమెని సర్జరీలోకి రావద్దనే అన్నాడు. "గైనిక్ తీసుకోమ్మా. ఆడపిల్లవి, రేపు పెళ్ళయితే మానేస్తావు. ఒక మగపిల్లాడి సీటు పోతుంది" అన్నాడు. ఆమె తల వంచుకుని విని, తల వంచుకునే వెళ్ళి సర్జరీలో చేరింది. ఆరుగురు మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. సర్జన్లు బట్టలు మార్చుకునే గదిలో ఎప్పుడు చూసినా బనీన్లతో ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. అందుకని ఆమె దుప్పట్లు దాచే గదిలో మార్చుకునేది. నాగులవరం వచ్చాక కూడా దుప్పట్ల గదే దక్కింది. గోడకి ఒక మేకు కొట్టించుకుంది. పదిహేనేళ్ళ చదువూ ఉద్యోగమూ కలిపి ఆమె సంపాదించుకున్న స్థలం ఆ మేకే.

చేతి తొడుగుల సంగతి మరీ అన్యాయం. ఆమె చేతికి ఆరు నంబరు సరిపోతుంది. ఆసుపత్రికి వచ్చేవన్నీ ఏడున్నరలు. ప్రతి ఏడూ రాసి పంపేది, ప్రతి ఏడూ ఏడున్నరలే వచ్చేవి. వేళ్ళ చివర అరంగుళం రబ్బరు వేలాడుతుంటే, దాన్ని మడిచి పట్టుకుని, సన్నటి రక్తనాళాలకి ముడులు వేసేది. రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా కోసింది. పొట్ట బల్లకి తగులుతుంటే పక్కకి తిరిగి నిలబడేది. ఇక బుధవారం వస్తే కుటుంబ నియంత్రణ క్యాంపు. కాన్పుల డాక్టరు పోస్టు ఖాళీ. "మీరెటూ లేడీ డాక్టరే కదా" అని ఆ పనీ ఆమె నెత్తిన పెట్టారు. ఒక్క పూటలో నలభైమంది ఆడవాళ్ళు వరసగా బల్ల ఎక్కి దిగేవాళ్ళు. దాంతో చుట్టుపక్కల పల్లెల్లో ఖైరున్నీసా అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ అని స్థిరపడిపోయింది. మిగతా కోతలన్నీ పొడుగాయనవి, అంటే పానకాలరావువి.

రెండువేల రెండు వచ్చేసరికి ఆమెకి నలభై నిండాయి. కాళ్ళ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. కుడి భుజం ఎత్తితే కలుక్కుమనేది. ఇంటికి రాగానే భర్త మాలిక్ బకెట్లో వేణ్ణీళ్ళు పోసి ఉప్పు వేసి పెట్టేవాడు. అతను అద్దంకి జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు, మితభాషి. ఆమె కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే పక్కన కూర్చునేవాడు.

"ఖైరూ, ఇంక చాలదూ?" అన్నాడొకరోజు.

"చాలు" అంది ఆమె కళ్ళు తెరవకుండానే.

అలా తయారైంది ఆ దరఖాస్తు. వైద్య కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పే పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. పదింటికి వెళ్ళి నాలుగింటికి వచ్చేయవచ్చు. కత్తి పట్టాల్సింది శవాల మీదే. శవాలకి రక్తం కారదు, వాటి చుట్టాలు బెంచీల మీద కూర్చోరు. దరఖాస్తు నింపి హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. సూపరింటెండెంటు సంతకం పెట్టి పైకి పంపితే చాలు. ఆయన సోమవారం దాకా సెలవు.

ఆ శుక్రవారం పొద్దున పదకొండింటికి సాయిగణేష్‌ని తెచ్చారు. మార్చి నెల. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు, ఊరు ఊరంతా తుమ్ముతూనే ఉంది. కుర్రాడికి ఇరవై రెండేళ్ళు, మార్టూరులో రాయి పాలిష్ పట్టే పని. నడుం నొప్పికని రోజూ కొట్లో దొరికే నొప్పి బిళ్ళలు ఖాళీ కడుపున టీతో వేసుకున్నాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్క మీద వేసినట్టుంది. కడుపులో చిల్లు పడిందని ఖైరున్నీసాకి ఎక్స్‌రే రాకముందే తెలిసింది. వెంట తల్లి వెంకాయమ్మ, ఆమె చెల్లెలు నాంచారమ్మ, నలుగురు మగవాళ్ళు ఉన్నారు. వెంకాయమ్మ యార్డుల్లో మిరపకాయల తొడిమలు తీసే కూలి మనిషి. ఆమె వేళ్ళు ఎర్రగా, ఉడికినట్టు ఉన్నాయి. భర్త లేడు, ఒక్కడే కొడుకు.

"భయపడొద్దు. పొడుగాయన ఉన్నాడుగా. ముందటేడు నా అపెండిక్స్ తీసింది ఆయనే" అని నాంచారమ్మ అక్కకి ధైర్యం చెబుతోంది. పక్కనుంచి వెళుతున్న ఖైరున్నీసా ఆ మాట విని, ఏమీ అనకుండా థియేటర్లోకి వెళ్ళింది.

చిల్లు బఠాణీ గింజంత ఉంది. దాన్ని కుట్టి, పైన పొట్టలోనే ఉండే కొవ్వు పొరని మాసిక వేసినట్టు వేసి, లోపలంతా కడిగేసరికి రెండు గంటలు పట్టింది. పూర్తి మత్తు ఇచ్చిన కేసు, బీపీ పడిపోతోంది, పానకాలరావు తల దగ్గర నుంచి ఇంచు కదల్లేదు. కాబట్టి ఆ రోజు తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళింది బాపయ్య, అదీ ఉత్త చేతులతో.

"అయిపోయింది. బాగానే ఉన్నాడు" అన్నాడు.

"ఏదీ?" అన్నాడు సాయిగణేష్ పెదనాన్న.

"ఏది ఏదీ?"

"తీసింది ఏదయ్యా?"

"ఏమీ తియ్యలేదు" అన్నాడు బాపయ్య ఉన్నమాట. పొడుగాయన రాలేదేమని అడిగితే, ఆయన మత్తు ఇస్తున్నాడు, కోసింది మేడం అని కూడా చెప్పాడు.

చిల్లు పూడ్చాక ట్రేలో పెట్టడానికి ఏముంటుంది? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రాత్రి తెల్లవారేలోగా ఆ రెండు మాటలూ ఊరంతా చుట్టి వచ్చాయి. శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి ముందు జీపు ఆగింది. పెదనాన్న గొంతు గేటు దాకా వినపడుతోంది.

"పిల్లాడి పొట్ట కోసి, ఏమీ తియ్యకుండా కుట్టేశారంట! కోసింది డాక్టరు గారు కూడా కాదంట, ఆయన మత్తే ఇచ్చాడంట. ఆ కాన్పుల డాక్టరమ్మ చేత కోయించారంట! ఒరేయ్, స్ట్రెచర్ పట్టండ్రా, గుంటూరు తీసకపోదాం."

చూశారా. ఆరేళ్ళలో చేసిన మంచి ఆపరేషన్లన్నీ పానకాలరావువి. ఇదొక్కటీ ఆమెది. కోసింది ఎవరో తెలుసుకోవడానికి జనానికి ఆరేళ్ళు పట్టింది, అదీ తిట్టడానికి అవసరమయ్యాక.

ముక్కులో గొట్టంతో, పచ్చి కుట్లతో, ఇరవై గంటలు కూడా కాని మనిషిని జీపులో గుంతల రోడ్డు మీద మూడు గంటలు తీసుకెళితే కుట్టు ఊడుతుంది. ఊడితే బతకడు. ఖైరున్నీసాకి అది తెలుసు, పానకాలరావుకీ తెలుసు.

"మేడం, నేను వెళ్ళి నేనే చేశానని చెప్పేస్తాను" అన్నాడాయన గొంతు తగ్గించి. "గొడవ చల్లారిపోతుంది. వాళ్ళు నా మాట వింటారు. ప్రాణం ముఖ్యం కదండీ."

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు. ఖైరున్నీసా సరే అనబోయింది. తల సగం ఊపింది కూడా. ఎన్నోసార్లు ఊపిన తలే, ఇంకోసారి ఊపితే ఏం పోయింది? సోమవారం దరఖాస్తు ఇచ్చేస్తే ఈ ఆసుపత్రితోనే పని లేదు. కానీ ఆయన వెళ్ళి ఏం చెబుతాడు? ఏం కుట్టావయ్యా, ఎక్కడ కుట్టావు, ఎందుకు ఏమీ తియ్యలేదు అని అడిగితే ఆయన తడబడతాడు. తడబడితే స్ట్రెచర్ లేస్తుంది.

"వద్దులెండి. కుట్టింది నేను, నేనే చెబుతాను" అని లేచింది.

వరండాలోకి వెళ్ళింది. మగవాళ్ళంతా ఒక్కసారి ఆమె మీదికి వచ్చారు. వాళ్ళతో మాట్లాడడానికి ఓపిక లేదు, ఎత్తూ సరిపోదు. నేరుగా వెళ్ళి బెంచీ మీద వెంకాయమ్మ పక్కన కూర్చుంది. నిలబడీ నిలబడీ కాళ్ళు లాగుతున్నాయి, కూర్చున్నాక ప్రాణం కాస్త తెరిపినపడింది.

"వెంకాయమ్మా, మిరపకాయల టిక్కీకి చిల్లు పడితే ఏం చేస్తావు?"

టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపే పెద్ద గోతం. వెంకాయమ్మ బిత్తరపోయి చూసింది. "కుడతాం."

"దేంతో?"

"దబ్బనంతో. చిల్లు పెద్దదైతే గోనెముక్క మాసికేసి కుడతాం."

"కుట్టాక టిక్కీలోంచి ఏం తీసి చూపిస్తావు?"

పెదనాన్న ఏదో అనబోతుంటే వెంకాయమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నీ కొడుకు కడుపుకి చిల్లు పడింది" అంది ఖైరున్నీసా. "ఇంత చిల్లు. అందులోంచి తిన్నదీ తాగిందీ పొట్టంతా కారింది. కుట్టాను, మాసికేశాను, కడిగాను. తీసి పారేసేది ఏమీ లేదు. మా నాయన పరుపులు కుట్టేవాడు. దబ్బనం పట్టుకోవడం నాకు నీకంటే ముందే వచ్చు. ఆ కుట్టు అతుక్కోవడానికి అయిదు రోజులు పడుతుంది. ఇవాళ జీపులో కుదిపితే ఊడిపోతుంది. ఊడితే మళ్ళీ కుట్టడానికి నీ కొడుకు ఉండడు."

"పొడుగాయన..." అన్నాడు పెదనాన్న.

"ఆయన మత్తిచ్చాడు. కోసింది నేను."

వెంకాయమ్మ ఆమె చేతుల వంక చూసింది. తరవాత లేచి బావగారిని కూడా పక్కకి నెట్టి జీపు డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. "నువ్వు పో నాయనా. నా కొడుకు యాడికీ రాడు" అంది. పెదనాన్న తిట్టాడు, పిల్లాడికేమన్నా అయితే నీదే పాపమన్నాడు. ఆమె లెక్కచెయ్యలేదు. జీపు వెళ్ళిపోయింది.

సోమవారం సూపరింటెండెంటు వచ్చాడు. ఖైరున్నీసా దరఖాస్తు ఇచ్చింది. గెలిచినట్టు ఆమెకేమీ అనిపించలేదు. ఒక కుట్టు గురించి గంటసేపు వాదించాల్సి వచ్చిందన్న అలసట ఒక్కటే మిగిలింది. మగ సర్జనయితే ట్రే లేకపోయినా ఎవరూ జీపు తెచ్చేవారు కాదు. సూపరింటెండెంటు దరఖాస్తు చదివి, "మంచి పని చేశారమ్మా, ఆడవాళ్ళకి ఈ పని కష్టమే" అని సంతకం పెట్టాడు. గురువారం టపాలో పంపుతామన్నాడు గుమస్తా.

బుధవారం క్యాంపు ముగించుకుని సాయంత్రం నాలుగింటికి ఆమె వార్డుకి వచ్చింది. అయిదో రోజు. గొట్టం తీసేసి చెంచాతో నీళ్ళు ఇచ్చారు, సాయిగణేష్ మింగాడు, పొట్ట మెత్తగా ఉంది. వెంకాయమ్మ ఆమె వెనకే వరండాలోకి వచ్చింది.

"అమ్మా, ఒకమాట అడుగుతా. ఇక్కడ కోసేవన్నీ నువ్వేనా?"

"నేనే."

"మా నాంచారమ్మది కూడా? అపెండిక్స్?"

"ఆరేళ్ళుగా ఈ ఆసుపత్రిలో కోసిందంతా నేనే వెంకాయమ్మా."

వెంకాయమ్మ అటూ ఇటూ చూసి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు ఇంకా మంటగానే ఉన్నట్టున్నాయి. "ఒక్కసారి లోపలికి రా తల్లీ" అని తనే డ్రెస్సింగు గదిలోకి లాక్కెళ్ళింది. తెర వేసింది. రవిక ముడి విప్పింది.

ఎడమ రొమ్ములో గడ్డ. పైన చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడి, మొన లోపలికి లాక్కుపోయి ఉంది. ఖైరున్నీసా చంకలో వేళ్ళు పెట్టి చూసింది. అక్కడా గట్టిగా రెండు తగిలాయి.

"ఎన్నాళ్ళయింది?"

"ముందటేడు మిరపనారు పోసే రోజుల్లో. చింతగింజంత ఉండె. మిరపకాయల వేడి అనుకున్నా. ఆముదం రాసుకున్నా."

"ఏడాదిన్నర! ఎందుకు రాలేదమ్మా?" ఆమె గొంతు తెలియకుండానే పెరిగింది. "ఇక్కడే కదా ఉన్నాను నేను!"

"వచ్చా తల్లీ. రెండుసార్లు వచ్చా, గేటు దాకా" అంది వెంకాయమ్మ రవిక ముడి వేసుకుంటూ. "నాంచారమ్మ చెప్పిందిగా, కోసేది పొడుగాయనని. దాని ట్రే ఆయనే తెచ్చె. నేనే దండం పెట్టా. ఆయన ముందు ఇదెట్టా విప్పను? నీకు చూపిద్దామనే అనుకున్నా. చూపిచ్చినా నువ్వు ఆయన కాడికే పంపుతావు గదా. అందుకని తిరిగి ఎల్లిపోయా."

ఖైరున్నీసా చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. కడుక్కుంటూనే ఉంది. సిస్టరమ్మా అంటే దిద్దకుండా ఊరుకున్న రోజులన్నీ గుర్తుకొచ్చాయి. ఎవరో ఒకరు ట్రే తీసుకెళ్ళండి అని తల ఎత్తకుండా అన్న రోజులన్నీ గుర్తుకొచ్చాయి. అది తన ఒక్కదాని అవమానమే అనుకుంది ఇన్నాళ్ళూ. తనది తాను మింగితే ఎవరికీ నష్టం లేదనుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది. కుళాయి కట్టేసింది.

అక్కడినుంచి నేరుగా ఆఫీసు గదికి వెళ్ళింది. గుమస్తా టపా కవర్లు అతికిస్తున్నాడు.

"నా కాగితం ఇచ్చేయండి."

"అదేంటి మేడం! హాయిగా రిటైరయ్యేదాకా కుర్చీలో కూర్చునేవారు గదండీ" అన్నాడు నిజమైన జాలితో.

"నిజమే" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, నొప్పి కాళ్ళతోనే ఇంటికి నడిచింది. మాలిక్ వేణ్ణీళ్ళు పెట్టాడు. సంగతంతా విన్నాడు. చాలు అన్నదానివి కదా అని మాత్రం అనలేదు. ఉప్పు ఇంకొంచెం వేశాడు.

గడ్డలోంచి సూదితో తీసిన నమూనా గుంటూరు వెళ్ళి, వారానికి జవాబు వచ్చింది. ఆమె అనుకున్నదే, క్యాన్సరు. ఏప్రిల్ రెండో మంగళవారం వెంకాయమ్మని బల్ల ఎక్కించారు. ఖైరున్నీసా పీట ఎక్కింది. ఏడున్నర నంబరు తొడుగులు వేసుకుంది. రెండున్నర గంటలు కోసింది. రొమ్మూ, చంకలోని గడ్డలూ తీసి ట్రేలో పెట్టేసరికి, అలవాటు కొద్దీ బాపయ్య ట్రే అందుకున్నాడు. అలవాటు కొద్దీ స్టూలు మీంచి పానకాలరావు సగం లేచాడు. లేచి, ఏమనుకున్నాడో, మళ్ళీ కూర్చున్నాడు.

"అక్కడ పెట్టు బాపయ్యా. కుట్లయ్యాక నేను తీసుకెళతాను" అంది ఖైరున్నీసా.

"బయట తలుపు కొడతన్నారు మేడంగారూ."

"కొట్టనీ."

కొట్టారు. కాసేపటికి చేతులు నొప్పిపుట్టి వాళ్ళే ఊరుకున్నారు. కుట్లకి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఎవరి కొంపా మునగలేదు. "నేను మొదట్లోనే గట్టిగా చెప్పాల్సింది మేడం" అన్నాడు పానకాలరావు ఉన్నట్టుండి. "నేను చెప్పమనాల్సింది" అంది ఆమె దారం కత్తిరిస్తూ.

ట్రే మీద గుడ్డ కప్పుకుని తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ఆ తలుపులోంచి ఆమె అలా రావడం అదే మొదలు. బెంచీ మీద నాంచారమ్మ, పక్కన పొట్టకి పంచె బిగించి కట్టుకున్న సాయిగణేష్ ఉన్నారు. ఖైరున్నీసా నాంచారమ్మని గోడవారకి పిలిచి, కుర్రాడికి కనపడకుండా గుడ్డ ఎత్తి చూపించింది. నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దండం పెట్టడానికి ఆమె కళ్ళు తలుపు వైపు ఎవరికోసమో వెతికాయి.

"ఆయన రాడమ్మా. కోసింది నేను. నీ అపెండిక్స్ తీసిందీ నేనే."

నాంచారమ్మ చెయ్యి మెల్లిగా తన కుడి డొక్క మీదికి, చీర కింద ఉన్న మచ్చ మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

"మా అమ్మకి తగ్గిద్దా మేడం?" అన్నాడు సాయిగణేష్ దగ్గరికి వచ్చి.

ఆమె ట్రే మీద గుడ్డ సరిచేసింది. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "గుంటూరు పంపుతాను. రేడియేషన్ కరెంటు పెట్టించాలి, మందులు ఎక్కించాలి. చంకలోకి పాకింది నాయనా. ఏడాది ముందైతే ఇంకోలా చెప్పేదాన్ని."

కుర్రాడి మొహం ముడుచుకుపోయింది. "ప్రతి వారం ఈ ఊరి సంతకి వస్తానే ఉండె గదండీ. ఆసుపత్రికి రావడానికి ఏం? ఎందుకు రాలేదు మా అమ్మ?"

సిగ్గుపడిందని చెప్పొచ్చు. ఎవరైనా అదే చెబుతారు, అతనూ నమ్ముతాడు. ఖైరున్నీసా రెండు చేతులా ట్రే పట్టుకుని అతని ఎదురుగా నిలబడింది.

"వచ్చింది నాయనా. గేటు దాకా రెండుసార్లు వచ్చింది" అంది. "నేనే లోపల ఉండిపోయాను."